తెప్పోత్సవంలో కన్నీళ్లొచ్చాయి, సొంత అపార్ట్‌మెంట్ పండగలో ఏమీ అనిపించలేదు. ఎందుకు?

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి, తర్వాత చదివేవాళ్ల కోసం ముందు కుదించి చెబుతాను. ఉద్యోగం కోసం విజయవాడ వచ్చి మీకు ఏడాది దాటింది. భవానీపురంలో అపార్ట్‌మెంట్, ఇంటి నుంచే పని. దేవుడంటే పెద్ద పట్టింపు లేదు. విజయదశమి సాయంత్రం ఆఫీసు స్నేహితుడు లాక్కెళ్తే కృష్ణ ఒడ్డుకు వెళ్లారు. హంసలా అలంకరించిన పడవ, అదే హంస వాహనం, మీద అమ్మవారు కనబడగానే చుట్టూ జనం "జై దుర్గా, జై జై దుర్గా" అన్నారు, మీరూ అన్నారు, కళ్లమ్మట నీళ్లు కారిపోయాయి. పక్కనున్న పెద్దావిడ ఏమీ అడగకుండా భుజం తట్టింది. అంతకు ముందు మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వినాయక చవితి చేశారు. డీజే, లైట్లు, క్యాటరింగ్ భోజనం, దేనికీ లోటు లేదు. మీకు మాత్రం ఎప్పుడు పైకెళ్లి తలుపేసుకుందామా అనిపించింది. ముక్కూ మొహం తెలియనివాళ్ల మధ్య ఏడుపొచ్చి, రోజూ లిఫ్టులో చూసేవాళ్ల మధ్య ఏమీ ఎందుకు రాలేదు? అది భక్తా, మాస్ హిస్టీరియానా? అలాంటిది మామూలు రోజుల్లో దొరుకుతుందా? ఇవీ మీరడిగినవి.

నేను గుంటూరులో చాలాకాలం సైకాలజీ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు సాయంత్రాలు ఒక కోలాటం జట్టుకు పాటలు పాడుతుంటాను. పుస్తకాల్లో చదివిన దానికీ, కోలాటంలో చూసిన దానికీ ఎక్కడ పొత్తు కుదిరిందో అంతవరకే చెబుతాను.

ముందు హిస్టీరియా సంగతి. గుంపులో చేరితే మనిషికి బుద్ధి పోతుందని 1895లో గుస్తావ్ లె బాన్ అనే ఫ్రెంచి పెద్దమనిషి రాశాడు. ఆ మాట ఇప్పటికీ చెలామణిలో ఉంది, మీకు టెన్షన్ పెట్టింది కూడా అదే. ఆ తర్వాత జనం మధ్య కూర్చుని చూసినవాళ్లు వేరేలా చెప్పారు. అదే ఫ్రాన్సులో ఎమిల్ దుర్ఖైమ్ 1912లో ఒక వాదన చేశాడు: మనుషులు ఒకచోట చేరి ఒకే పని చేస్తున్నప్పుడు పుట్టే ఉప్పొంగు ఉంటుంది చూశారూ, అది పిచ్చి కాదు, సమాజం నిలబడేదే దాని మీద అని. జనం విడిపోగానే అది చల్లారుతుంది కాబట్టే పండగలు మళ్లీ మళ్లీ రావాలి అని కూడా అన్నాడు. మనకు ఇదేం కొత్త కాదు. వెయ్యేళ్ల కిందట కాశ్మీరంలో అభినవగుప్తుడు దాదాపు ఇదే గమనించాడు. విడివిడి శరీరాల వల్ల ముడుచుకుపోయిన చైతన్యం, పాటో నాట్యమో చూస్తూ అందరూ ఒకటిగా లీనమైనప్పుడు విచ్చుకుంటుందట, ఒకరిలో ఒకరు ప్రతిఫలిస్తారట. ఆ సభలో లీనం కాని మనిషి ఒక్కడున్నా మిగతావాళ్లకు ఎగుడుదిగుడుగా తగులుతాడని కూడా అన్నాడు. నాటకం నడుస్తుంటే ముందు వరసలో ఫోన్ మాట్లాడేవాణ్ణి తలచుకోండి, ఆయన ఎవరి గురించి చెప్పాడో తెలుస్తుంది.

అది భక్తా కాదా అనేది మాత్రం మీరే తేల్చుకోవాలి. నా పరిధిలో లేదు.

ఇక రెండు పండగలకూ తేడా ఎక్కడుంది? జనం ఎంతమంది అన్నదాంట్లో లేదు. ఖర్చులో అసలే లేదు. రాండల్ కాలిన్స్ అని అమెరికా సోషియాలజిస్టు, 2004లో దుర్ఖైమ్ మాటను విడగొట్టి, ఒక కలయికలో ఉద్వేగం రాజుకోవాలంటే నాలుగు ఉండాలన్నాడు. మనుషులు శరీరాలతో ఒకచోట ఉండాలి. లోపలివాళ్లెవరో బయటివాళ్లెవరో తెలుస్తుండాలి. అందరి చూపూ ఒకేదాని మీద ఉండాలి, పక్కవాళ్లు కూడా అదే చూస్తున్నారని ఒకరికొకరికి తెలియాలి. అందరిలోనూ ఒకే భావం ఉండాలి. చివరి రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయని ఆయన అసలు మాట.

ఇప్పుడు మీ దుర్గా ఘాట్ సాయంత్రం చూడండి. చీకటి పడే వేళ, నది మీద వెలుగుతున్నది ఆ పడవ ఒక్కటే, ఇంక చూడటానికి వేరే ఏమీ లేదు. ఎర్రబట్టల భవానీలు చుట్టూ ఉంటారు కాబట్టి ఎవరు దేనికొచ్చారో అడగక్కర్లేదు. నినాదం ఒకరు అందుకుంటే మిగతావాళ్లు పూర్తి చేస్తారు, మీ గొంతుకు అందులో ఒక చోటుంది. ప్రవాహం ఎక్కువగా ఉన్న ఏళ్లలో హంస వాహనాన్ని నదిలో తిప్పరు, ఘాట్ దగ్గరే నిలిపి పూజలు చేస్తారు. నేను చూసినంతలో అలాంటి ఏళ్లలో కూడా ఒడ్డున ఉప్పొంగుకు లోటుండదు. పడవ కదలడం కన్నా, అంతమంది కళ్లు దాని మీద కలవడమే ఎక్కువ పని చేస్తుందని నా అనుమానం.

మీ సెల్లార్‌లోనూ మనుషులున్నారు. మొదటి షరతు తీరింది. కానీ స్పీకర్ల మోతలో మాట్లాడాలంటే చెవిలో అరవాలి. బఫే కాబట్టి ఎవరి ప్లేటు వాళ్లది, ఎవరి మూల వాళ్లది. పిల్లలు డీజే ముందు, మగవాళ్లు బైకుల దగ్గర, ఆడవాళ్లు కుర్చీల్లో, విగ్రహం దగ్గర పూజారి ఒక్కడు. పైగా ఎవరికీ పని లేదు: వంట క్యాటరింగ్ వాడిది, అలంకారం ఈవెంట్ వాడిది, పాట డీజేది. డబ్బులు కట్టి పండగను బయటివాళ్ల చేత చేయించుకున్నారు. ఒక్కటి గుర్తు తెచ్చుకోండి: లడ్డూ వేలంపాట దగ్గర ఎలా ఉంది? పాట ఐదు వేలు దాటేసరికి అందరూ తల తిప్పి ఉంటారు, సెకండ్ ఫ్లోర్ వాళ్లా ఫోర్త్ ఫ్లోర్ వాళ్లా అని కేకలు వేసి ఉంటారు, మీరు కూడా ఒక అడుగు ముందుకు వేసి ఉంటారు. ఆ పది నిమిషాలే అక్కడ పండగ జరిగింది.

కలిసి ఉండటం వేరు, కలిసి ఒక పనిమీద ఉండటం వేరు. నా జవాబంతా దీని చుట్టూనే తిరుగుతుంది కాబట్టి, కోలాటం దగ్గర నేను చూసింది కొంచెం వివరంగా రాస్తాను.

కొత్తవాళ్లు చేరిన మొదటి వారం కర్రలు సరిగ్గా తగలవు. వేళ్లకు తగులుతాయి. ప్రతి మనిషీ తన కర్ర వంకే చూసుకుంటూ, పెదవులు కదుపుతూ లెక్క పెట్టుకుంటూ ఉంటుంది. గురువుగారు విజిల్ వేస్తే జత మారాలి, సగం మంది ఎడమకు, సగం మంది కుడికి తిరిగి భుజాలు గుద్దుకుంటారు. ఆయన ఒకటే మాట పదే పదే చెబుతారు: "కర్ర వంక చూడకండమ్మా, ఎదుటి మనిషిని చూడండి. కర్ర దానంతటదే వస్తుంది." నాకు మొదట్లో అది ఊరికే చెప్పే మాటలా ఉండేది. కానీ నిజంగానే ఒక రోజు వస్తుంది, ఎవరూ అనుకోకుండా, చిందరవందరగా వినబడే చప్పుళ్లన్నీ కలిసి ఒక్క 'టక్' అవుతాయి. ఆ క్షణంలో వరసంతా నవ్వుతుంది. జోకేమీ లేదు. ఎందుకు నవ్వారమ్మా అంటే చెప్పలేరు. పాట అయిపోయాక కూడా వెంటనే ఇళ్లకు కదలరు, చెమటలు తుడుచుకుంటూ మంచినీళ్ల సీసాలు మార్చుకుంటూ మెట్ల మీద కూర్చుంటారు.

మా జట్టులో ఒకే వీధివాళ్లు ఇద్దరున్నారు, ప్రహరీ గోడ తగాదాతో మాటలు లేవు. విజిల్ ఎవరి తగాదాలూ చూడదు కదా, జత మారినప్పుడల్లా ఇద్దరూ ఎదురెదురు పడాల్సిందే, కళ్లలోకి చూసి కర్ర కొట్టాల్సిందే. ఇప్పటికీ గోడ తగాదా తీరలేదు. కానీ ఒకావిడకు జ్వరమొస్తే రెండో ఆవిడ మిరియాల చారు పట్టుకెళ్లిందని మాత్రం మాకందరికీ తెలిసింది.

దీనికి ప్రయోగాల ఆధారం కూడా ఉంది. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ పడవ పోటీల కుర్రాళ్ల మీద చేసిన పరిశీలన ఒకటి 2010లో వచ్చింది. రోయింగ్ మిషన్ మీద ఒంటరిగా చేసినప్పుడు, జట్టుగా లయలో చేసినప్పుడు, తర్వాత బీపీ పట్టీ బిగించి ఎంత నొప్పి ఓర్చుకోగలరో చూశారు. చేసిన శ్రమ ఒకటే, కానీ జట్టుగా చేసినప్పుడు ఎక్కువ ఓర్చుకున్నారు. నొప్పిని తగ్గించేందుకు ఒంట్లోనే ఊరే ఎండార్ఫిన్లనే రసాయనాల వల్ల ఇలా జరుగుతుందని వాళ్ల వివరణ. అంతకు ముందు 2009లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఇంకోటి చూపించారు: అడుగులు కలిపి నడిచినవాళ్లు ఆ తర్వాత ఆటలో ఒకరికొకరు ఎక్కువ సహకరించారు. పొలంలో నాట్లేసేటప్పుడు పాట ఎందుకుందో, బరువు లాగేటప్పుడు "ఐసా" ఎందుకుందో మన కూలీలకు ప్రయోగం లేకుండానే తెలుసు.

అయితే లయ ఒక్కటే చాలదు. మీరడిగిన దానికి ఇది చాలా ముఖ్యం. స్పెయిన్‌లో సాన్ పెద్రో మాన్రికే అని చిన్న ఊరు, అక్కడ ఏటా నిప్పుల మీద నడుస్తారు, మన దగ్గర వీరభద్రుడి గుండం తొక్కినట్టే. నడిచేవాళ్లకూ చూసేవాళ్లకూ గుండె వేగం కొలిచే పట్టీలు కట్టారు. 2011లో వచ్చిన ఫలితం ఏమిటంటే, నడిచే మనిషి గుండెతో పాటు చూస్తున్న బంధువుల, స్నేహితుల గుండెలు కూడా ఒకే తీరులో ఎగసి దిగాయి. వాళ్లు కదలకుండా కూర్చునే ఉన్నారు. చూడటానికొచ్చిన పరాయివాళ్ల గుండెల్లో ఆ పొంతన లేదు. అంటే కళ్లముందు ఏం జరుగుతున్నా, అది మనది అనిపించకపోతే లోపలికి దిగదు.

మరి మీరు పరాయివాళ్లే కదా, మీకెందుకు వచ్చింది? మీ ప్రశ్న చివర్లో, దీనికి సంబంధం లేనట్టు ఒక వాక్యం రాశారు: చిన్నప్పుడు అమ్మమ్మ భుజం మీద ఎక్కించుకుని కోటప్పకొండ తిరునాళ్లకు తీసుకెళ్లేదని, ప్రభల (ఎత్తుగా కట్టి దీపాలతో అలంకరించే చట్రాల) లైట్లు తప్ప ఏమీ గుర్తులేదని. నాకైతే జవాబు అక్కడే కనబడింది. శివరాత్రి రాత్రి చీకట్లో నిలువెత్తున వెలిగే ప్రభ, కింద ఊరంతా కేకలు, మీ కింద అమ్మమ్మ భుజం. ఇక్కడ చీకట్లో నీళ్ల మీద వెలుగు, చుట్టూ కేకలు, భుజం మీద ఒక పెద్దావిడ చెయ్యి. గుంపులో పుట్టిన ఉద్వేగం గుంపు చెదిరాక గుర్తుల్లో దాక్కుంటుంది అంటాడు కాలిన్స్: జెండాలో, పాటలో, మాలలో, ఒక అరుపులో. మీకు దేవుడితో పట్టింపు లేకపోవచ్చు. ఆ గుర్తుతో మీకు పాత చుట్టరికం ఉంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఇది పండగల ప్రచారంలా ఉంటుంది. కలిసి అనుభవిస్తే తీపి మరింత తీపి అవుతుంది, చేదు మరింత చేదవుతుంది. ఇది ఊరికే అనటం లేదు. 2014లో యేల్ యూనివర్సిటీ వాళ్లు ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టి, మాట్లాడుకోనివ్వకుండా చాక్లెట్ తినిపించారు. పక్క మనిషి కూడా అదే చాక్లెట్ తింటున్నప్పుడు రుచి ఎక్కువ నచ్చింది. పక్కవాళ్లు వేరే పనిలో ఉంటే అంత నచ్చలేదు. మరో విడతలో బాగా చేదు చాక్లెట్ ఇచ్చారు, కలిసి తిన్నప్పుడు అది ఇంకా అధ్వాన్నంగా అనిపించింది. కోపం కూడా ఇంతే. ఒకడి మీద పదిమంది కలిసి పెంచుకున్న కోపం పది రెట్లు న్యాయంగా అనిపిస్తుంది, అనిపించడమే, అయిపోదు. గుంపులో మనకు కలిగే భావం నిజమైనదే, కానీ అది దేన్ని పట్టుకుని పుట్టిందో దానికి సాక్ష్యం కాదు. మీటింగుల నుంచి ఇంటికొచ్చాక ఒక రాత్రి ఆగి నిర్ణయం తీసుకోండని నా స్టూడెంట్లకు అందుకే చెప్పేదాన్ని.

చేదును కలిసి మోయడంలో మంచి కూడా ఉంది. చావు జరిగిన ఇంటికి వెళ్లి మనం ఏం చేస్తాం? పెద్దగా ఏమీ చెయ్యం. చెప్పులు బయట విడిచి, చాప మీద కూర్చుని, "ఎప్పుడైంది, ఎలా అయింది" అని అడుగుతాం. ఆ ఇంటి మనిషి అదే కథ మళ్లీ మొదటి నుంచి చెబుతుంది. వచ్చిన ప్రతి జట్టుకూ చెబుతుంది. పక్కింటివాళ్లు అన్నం వండి తెస్తారు, ఎందుకంటే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. పెద్దకర్మ నాటికి ఆ కథ చెప్పేటప్పుడు గొంతు కొంచెం తక్కువ వణుకుతుంది. ఈ మధ్య పట్నం కుర్రాళ్లు "వెళ్లి ఏం మాట్లాడాలో తెలియక" పరామర్శలు మానేస్తున్నారు. మాట్లాడటానికి కాదు నాయనా వెళ్లేది. కూర్చోవడానికి.

మీరు విజయవాడకు కొత్త కాబట్టి 2024 సెప్టెంబరు సంగతి మీ పక్క ఫ్లాట్లవాళ్లు చెప్పి ఉండకపోవచ్చు. బుడమేరు పొంగి అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. అదే సమయంలో కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, బ్యారేజీ కట్టాక అంత నీరు ఎన్నడూ రాలేదు. నా పాత విద్యార్థి ఒకతను సింగ్ నగర్‌లో ఉంటాడు. కింది వాటాల వాళ్లంతా మేడ మీదకు చేరారు. కరెంటు లేదు, ఫోన్లు ఆరిపోయాయి. అంతకు ముందు పార్కింగ్ గురించి తప్ప మాట్లాడుకోనివాళ్లు ఒకే గ్యాస్ సిలిండర్ మీద అన్నం వండుకుని, ఒకరి పసిబిడ్డకు ఇంకొకరి పాలపొడి కలిపి ఇచ్చారు. పైన డ్రోను చప్పుడు వినబడితే అందరూ ఒక్కసారే చేతులు ఊపేవాళ్లట. ఆ రోజులు తలచుకుని అతను "చెప్పకూడదు గానీ మేడమ్, అంత బాగా ఎప్పుడూ లేం" అన్నాడు. సిగ్గుపడుతూ అన్నాడు, కానీ సిగ్గుపడాల్సిన పనేం లేదు. బ్రిటన్‌లో జాన్ డ్రూరీ అనే సైకాలజిస్టు ప్రమాదాల్లో చిక్కుకున్న జనాన్ని చాలాకాలంగా పరిశీలిస్తున్నాడు. ఒకే ఆపదలో ఉన్నాం అని తెలియగానే అపరిచితులు కూడా 'మనం' అయిపోతారని ఆయన పదే పదే చూపించాడు.

తర్వాతే అసలు కథ. నీళ్లు తీశాక పరిహారం వచ్చింది: కింది అంతస్తు ఇళ్లకు 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు. నష్టం ఎక్కువ జరిగినవాళ్లకు ఎక్కువ ఇవ్వడంలో తప్పేమీ లేదు. కానీ మెట్ల మీద మాటల తీరు మారిపోయిందట. మా మిక్సీ పోలేదా, మా బండి మునగలేదా అని లెక్కలు మొదలయ్యాయి. ఇంగ్లండులో యార్క్ నగరం 2015 చివర వరదల్లో మునిగింది, అక్కడ పరిశీలించినవాళ్లకూ ఇదే కనబడింది. ఎవరి కష్టం వాళ్లదిగా విడిపోయినప్పుడు ఆ 'మనం' కరిగిపోతుంది. నిలిచినచోట ఎందుకు నిలిచిందంటే, వరద తర్వాత కూడా కలిసి చేయడానికి వాళ్లకు ఏదో ఒక పని మిగిలింది, మీటింగులు పెట్టుకున్నారు, వార్షికోత్సవం చేసుకున్నారు. మా విద్యార్థి వాటాల్లో అలాంటిదేదీ లేదు. మళ్లీ పార్కింగ్ తగాదాలకే వచ్చారు.

ఇక మీ మూడో ప్రశ్న, మామూలు రోజులు. తెప్పోత్సవం స్థాయి ఉప్పొంగు మంగళవారం మధ్యాహ్నం రాదు, రాకూడదు కూడా, వస్తే పని చేసుకోలేం. పెద్ద పండగ తోడు చుక్క లాంటిది, పాలు మాత్రం రోజూ కాచుకోవాలి. ఆ రోజువారీ పాలు ఏమిటంటే, పేర్లు కూడా సరిగ్గా తెలియని మనుషులతో నడిచే చిన్న చిన్న మాటలు. కెనడాలో 2014లో కాఫీ షాపు బయట చేసిన ప్రయోగం ఉంది: కాఫీ ఇచ్చే మనిషితో కళ్లు కలిపి, నవ్వి, రెండు ముక్కలు మాట్లాడినవాళ్లు, గబగబా తీసుకుని వెళ్లినవాళ్ల కన్నా సంతోషంగా బయటికొచ్చారు. అదే ఏడాది షికాగోలో లోకల్ రైలు ప్రయాణికులను పక్కవాళ్లతో మాట కలపమన్నారు. ముందు అడిగితే అందరూ "అబ్బే, ఇబ్బందిగా ఉంటుంది" అనే ఊహించారు. చేసినవాళ్లకు ప్రయాణం మరింత బాగా గడిచింది. మన పినాకినీ ఎక్స్‌ప్రెస్‌లో ఈ ప్రయోగం చెయ్యాల్సిన పని లేదు, తెనాలి దాటే లోపు మీ జీతం ఎంతో కూడా అడిగేస్తారు.

మీరు ఇంటి నుంచే పని చేస్తారు, కూరలు యాప్‌లో, టిఫిన్ యాప్‌లో. అంటే ఇలాంటి మాటలు మీ రోజులో సున్నా. ముందు అది మార్చండి. రోజూ ఒకే వేళకు ఒకే టీ బండి దగ్గర నిలబడి తాగండి. బండి మారిస్తే లాభం లేదు. కొన్నాళ్లకు ఆయన మీ గ్లాసులో చక్కెర తగ్గించి ఇస్తాడు, ఒక రోజు మీరు రాకపోతే "నిన్న కనబడలేదేం సార్" అంటాడు. మీరు లేని సంగతి ఊళ్లో ఒకరికి తెలిసింది. చిన్న విషయంగా కనబడుతుంది కానీ కాదు. 2010లో 148 పరిశోధనలను, మొత్తం మూడు లక్షల పైచిలుకు మనుషుల వివరాలను కలిపి చూస్తే, మనుషులతో సంబంధాలు బలంగా ఉన్నవాళ్లు ఆ పరిశీలన కాలంలో బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువని తేలింది.

స్నేహానికి మాత్రం గంటలు పడతాయి. 2018లో కాన్సాస్ యూనివర్సిటీ ప్రొఫెసరు జెఫ్రీ హాల్ లెక్క కట్టాడు: పరిచయం మామూలు స్నేహం కావడానికి సుమారు 50 గంటలు, దగ్గరి స్నేహం కావడానికి 200 గంటలు పైనే. అమెరికా లెక్కే అనుకోండి, మన దగ్గర ఇంకాస్త త్వరగా కావచ్చు, మనం త్వరగా ఇంట్లోకి రమ్మంటాం కాబట్టి. అయినా వారానికి గంట కలిస్తే 200 గంటలకు నాలుగేళ్లు. రోజూ సాయంత్రం అరగంట అయితే ఏడాది దాటుతుంది, అంతే. అందుకే నేను నెలకోసారి గ్రాండ్ గెట్ టుగెదర్ కన్నా రోజువారీ అరగంటకే ఓటేస్తాను.

ఏం చేస్తూ కలవాలి అంటే, పాటైతే త్వరగా అందుకుంటుంది. ఇంగ్లండులో పెద్దవాళ్లకు కొత్తగా క్లాసులు పెట్టి ఏడు నెలలు పరిశీలించారు, 2015లో ప్రచురించారు. పాటల క్లాసువాళ్లు మొదటి నెలలోనే దగ్గరయ్యారు, చేతిపనుల, రచనల క్లాసులవాళ్లు మెల్లగా దగ్గరయ్యారు. కానీ ఏడు నెలల చివర చూస్తే అందరూ ఒకే స్థాయికి వచ్చారు. కాబట్టి గొంతు లేదని బెంగ వద్దు. షటిల్ అయినా సరే, బెర్మ్ పార్కు దగ్గర నడక అయినా సరే. జనవరిలో పుస్తక మహోత్సవం వచ్చినప్పుడు వాలంటీరుగా స్టాల్లో నిలబడండి, కొనడానికి వెళ్లడం కన్నా అది వేరే అనుభవం. గుంటూరు వస్తే బృందావన్ గార్డెన్స్ గుడి దగ్గర సాయంత్రాలు ఏదో ఒక కార్యక్రమం ఉంటుంది, అక్కడా చూసేవాళ్లలో కన్నా కుర్చీలు సర్దేవాళ్లలో చేరండి.

ఈ కుర్చీలు సర్దటం గురించి నాకు కొంచెం పట్టుదల ఎక్కువ. బుర్రకథ చూశారా ఎప్పుడైనా? పొన్నెకల్లు షేక్ నాజర్ గారి పేరు విని ఉంటారు, మా గుంటూరు జిల్లా మనిషి, 1986లో పద్మశ్రీ ఇచ్చారు. అంతటి కథకుడికి కూడా పక్కన ఇద్దరు ఉండాల్సిందే. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం, ఇద్దరూ కలిసి "తందాన తాన". వాళ్లు అందుకోకపోతే కథ ముందుకు నడవదు. కలయికలో ప్రతి మనిషికీ అలాంటి ఒక వంతపాట ఉండాలి. కొత్తగా వచ్చిన మనిషిని గౌరవంగా కుర్చీలో కూర్చోబెట్టి కూల్‌డ్రింక్ ఇస్తే అతను అతిథిగానే వెళ్లిపోతాడు. చేతికి సాంబారు బకెట్ ఇచ్చి బంతిలోకి పంపితే, ఏ వరసలో ఎవరికి కారం పడదో, ఎవరు రెండోసారి వడ్డించుకుంటారో గంటలో తెలుసుకుంటాడు. వాళ్లకూ అతను తెలుస్తాడు.

కాబట్టి సంక్రాంతికి మీ అసోసియేషన్ మీటింగ్ పెట్టినప్పుడు డీజే వద్దని గొడవ పడకండి, కొత్తవాళ్లు ఓడిపోయే గొడవ అది. ఒక్కటి అడగండి: భోగి నాడు ఉదయం టిఫిన్ ఒక్కటి క్యాటరింగ్ లేకుండా మనమే వండుకుందామని. ఉప్మా చాలు. ఉల్లిపాయలు తరగడానికి నలుగురు, పొయ్యి దగ్గర ఇద్దరు, వడ్డనకు పిల్లలు. ఉప్పు తక్కువైతే మరీ మంచిది, ఏడాదంతా చెప్పుకోవడానికి ఒక మాట ఉంటుంది. పెద్దవాళ్లలో ఎవరో ఒకరు గొబ్బెమ్మల పాట ఎత్తుకుంటే మైకు ఇవ్వకండి. మైకు ఇస్తే మిగతావాళ్లు ఆగిపోయి వింటారు.

ఒక జాగ్రత్త. ఇన్ని చేసినా, మనుషుల మధ్య ఉన్నా వారాల తరబడి ఏదీ పట్టనట్టు, నిద్రా ఆకలీ పోయినట్టు ఉంటే అది జనం వల్ల తీరే సంగతి కాకపోవచ్చు. 14416కు ఫోన్ చేయండి, టెలి మానస్ అని ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మీ ఉత్తరం చదివితే నాకు అలా అనిపించలేదు, అయినా చెప్పడం నా పని.

మిగిలింది మీరు బ్రాకెట్లో అడిగిన వాట్సాప్ గ్రూపు. అందులో 80 మంది ఉన్నారు, రోజూ గుడ్ మార్నింగ్ పువ్వులు వస్తాయి, మ్యూట్‌లో పెట్టాను, తప్పా అన్నారు. తప్పేమీ లేదు. పువ్వులు ఎవరూ చూడరు, పెట్టినవాళ్లు కూడా. కానీ గ్రూపులోంచి బయటికి రాకండి. "సాయంత్రం ఆరున్నరకు టెర్రస్ మీద షటిల్, బ్యాట్లు రెండు ఎక్స్‌ట్రా ఉన్నాయి" అని పెట్టడానికి అంతకంటే మంచి చోటు లేదు. మొదటి రోజు ఇద్దరొస్తారు, అందులో ఒకరు మూడో తరగతి పిల్లాడై ఉంటాడు. ఆడండి. మర్నాడు కూడా అదే టైమ్‌కు అదే మెసేజ్ పెట్టండి.